పచ్చగా వెలగని మణికట్టు

పరీక్ష రోజు పొద్దున బుల్లెట్ టిఫిను ముందు కూర్చుని కాళ్ళూపుతూనే ఉంది.

"ఆ ఊపుడాపవే. గ్లాసులో నీళ్ళు కూడా కంగారు పడుతున్నాయి," అంది వాళ్ళమ్మ.

బుల్లెట్ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. నర్సింగ్ కాలేజీలో సూదులూ కట్లూ నేర్పడానికి మేడం పట్టుబట్టి ట్యాబ్‌లలో ఒక ఆట పెట్టించింది. అందులోని బొమ్మ రోగి మణికట్టు మీద రెండుసార్లు తడితే అక్కడున్న పేరు పట్టీ పచ్చగా వెలుగుతుంది. మందు రాసింది ఈ మనిషికేనని అర్థం. తరవాత మందు, సూది, పాయింట్లు. త్వరగా ముగిస్తే మరిన్ని పాయింట్లు. ఈ పిల్ల వేలు పడిందంటే బొమ్మలు మూలిగే లోపలే కోలుకునేవి. క్లాసులో మొదటి స్థానమూ, ఈ పేరూ అలా వచ్చినవే.

ఇవాళ బొమ్మ కాదు, మనిషి. నెగ్గితే వార్డు డ్యూటీ. లేకపోతే ఈ టర్మంతా ల్యాబులో రబ్బరు బొమ్మతో కాపురం. తన వెనకున్నవాళ్ళంతా వార్డులో తిరుగుతుంటే తను ఆ బొమ్మకి దుప్పటి మారుస్తూ కూర్చోవడం తలుచుకుంటేనే ఒంటిమీద చీమలు పాకుతున్నాయి.

వార్డులో కిటికీ పక్క మంచం మీదావిడకి భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. మేడం చేతికందే దూరంలో నిలబడింది. బుల్లెట్ చేతులు కడుక్కుంది, కేసు షీటు చదివింది, మందు సిరంజిలోకి లాగి మేడంకి చూపించింది.

"అమ్మమ్మా, షుగరు ఇంజెక్షను మీకేనా?"

"ఆఁ," అంది ముసలావిడ నిశ్చింతగా.

బుల్లెట్ వంగి, ఆవిడ మణికట్టు పట్టీ మీద వేలితో రెండుసార్లు టకటకా తట్టింది. తట్టి, చూస్తూ ఉండిపోయింది.

ముసలావిడ కూడా తన చెయ్యి చూసుకుంది. "ఏంటమ్మా, లోపలెవరైనా ఉన్నారా అనా?"

పక్క మంచం మీదావిడ పకపకా నవ్వింది. బుల్లెట్ చెవులు వేడెక్కాయి. పచ్చ రంగు రాదని బుర్రకి తెలుసు, కళ్ళకే ఇంకా కబురందలేదు. అవి పట్టీని పట్టుకుని వేలాడగా వేలాడగా దాని మీద అక్షరాలు కనబడ్డాయి. కేసు షీటులో ఉన్న పేరు అది కాదు.

సిరంజి ట్రేలో పెట్టేసింది. "మీ పేరు మీరే చెప్పండి అమ్మమ్మా."

పట్టీ మీది పేరే చెప్పిందావిడ.

"మరి ఇందాక మీకేనా అంటే ఆఁ అన్నారే?"

"ఇక్కడ ఏమడిగినా ఆఁ అంటే తొందరగా వదిలేస్తారమ్మా."

"షుగరు నాది," అంది పక్కావిడ. "కిటికీ గాలి పడక మంచాలు మార్చుకున్నాం. ఆవిణ్ణెందుకు పొడుస్తున్నావో చూద్దామని ఊరుకున్నా."

"నా చెయ్యి సగం దాకా వచ్చింది నిన్నాపడానికి," అంది మేడం నెమ్మదిగా. "ముందే పేరెందుకు అడగలేదు? ఆ తట్టడమేమిటి?"

"పచ్చగా వెలుగుతుందని మేడం." నోరు బుల్లెట్ కన్నా ముందే పరుగెత్తింది. ఎలాగూ పరుగెత్తిందని మిగతాది కూడా చెప్పేసింది. "ఆటలో పేరడిగితే టైము పోతుంది మేడం. అందుకని ఎవరమూ అడగం."

"ఎవరూనా?"

"ఎవరమూ."

పట్టుబట్టి తెప్పించిన ఆట. మేడం కళ్ళజోడు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకుంది.

బుల్లెట్ పక్కావిణ్ణి పేరడిగింది, పట్టీ చదివింది, కేసు షీటుతో సరిచూసింది, సూది వేసింది. ఆ కాసేపూ చేతులు నిలకడగానే ఉన్నాయి.

"బాగా వేశావు," అంది మేడం. "అయినా ల్యాబుకే. ఆ మనిషికి ఇన్సులిన్ పడుంటే ఏమయ్యేదో నీకు తెలుసు."

తెలుసు. తెలిసింది గనకే బతిమాలలేదు.

వరండాలో మిగతా క్లాసంతా ట్యాబ్‌లు ఒళ్ళో పెట్టుకుని చివరి నిమిషంలో టకటకలాడిస్తున్నారు.

"ఎంతసేపట్లో కొట్టావే బుల్లెట్?" అంది స్నేహితురాలు తలెత్తకుండా.

లోపలి సంగతి బయట చెప్పకూడదు. వెనక తలుపు దగ్గర మేడం చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంది.

"తప్పాను," అంది బుల్లెట్. "మీరైనా ముందు పేరడగండి. మంచాన్ని నమ్మకండి."

వేళ్ళన్నీ ఆగిపోయాయి. తిట్టు పడుతుందని మెడ కుదించుకుని నిలబడింది బుల్లెట్.

"తరవాతెవరు?" అంది మేడం.