ఎవరి సాయమూ లేకుండా

నళిని సినిమా తీసిందంటే న్యూజెర్సీ తెలుగువాళ్లు ముందు నవ్వారు. అందులో హీరో వాళ్ల బావగారేనని తెలిశాక ఇంకా నవ్వారు. ఆ బావగారు కొండల్ రావుకి జెర్సీ సిటీలో డ్రైక్లీనింగ్ షాపు ఉంది. సినిమా అంతా ఆ షాపులోనే నడుస్తుంది. పాటల్లేవు, ఫైట్లు లేవు. ఆవిరి మాత్రం కావలసినంత ఉంది.

"లాండ్రీ మీద సినిమా ఏంటమ్మా? ఇంతకీ హీరోయిన్ ఎవరు, వాషింగ్ మెషీనా?" అన్నాడు తెలుగు సంఘం సెక్రటరీ శ్యామ్‌సుందర్, ఉగాది ఫంక్షన్‌లో అందరి ముందూ.

"డ్రైక్లీనింగ్‌లో అసలు నీళ్లే ఉండవు శ్యామ్ గారూ. మీ కోటు మీద సాంబారు మరక పడింది. రేపు తీసుకొచ్చి డ్రాప్ చేయండి, చూపిస్తాను" అంది నళిని. ఆ తర్వాత ఆయన సినిమా ఊసెత్తలేదు.

నళిని పగలంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి, సాయంత్రాలు కాలేజీలో సినిమా తీయడం నేర్చుకుంది. కాలేజీ వాళ్ల పదహారు ఎమ్మెమ్ కెమెరా అరువు తెచ్చుకుని, రెండు చలికాలాల పాటు బావగారి కాళ్లకీ చేతులకీ అడ్డం పడుతూ తీసింది. తీసినంత తేలిక కాలేదు దాన్ని ఎవరికైనా చూపించడం. న్యూయార్క్ చుట్టుపక్కల ఫెస్టివల్స్ అన్నింటికీ పంపితే రీలు డబ్బా వెళ్లిన దారినే తిరిగొచ్చేది. ఒక పెద్దమనిషి మాత్రం దయతలచి కారణం రాశాడు. షాపువాడి మీద ఇంత ప్రేమ ఒలకబోశారు, సమాజం మీద విమర్శ ఏదీ అని. షాపువాడిని ప్రేమించడం తప్పని నళినికి అప్పటిదాకా తెలియదు.

ఎనభై నాలుగు వేసవిలో ఒక ప్రకటన ఆమె కంటబడింది. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్లో, సంప్రదాయవాదులు కొందరు కలిసి స్వతంత్ర చిత్రోత్సవం పెడుతున్నారు. కుటుంబం, దైవభక్తి, సొంత కష్టం వీటి మీద తీసిన సినిమాలు కావాలట. గెలిచిన సినిమాకి ముప్పై కాపీలు వేయించి దేశమంతా కాలేజీల్లో, చర్చిల్లో చూపిస్తారట. అది చదివాక నళినికి నిద్రపట్టలేదు. వ్యాఖ్యానం మళ్లీ రికార్డు చేసి, అందులో ఒకే ఒక్క వాక్యం కొత్తగా కలిపి, కొత్త ప్రింటు వేయించి పంపింది. ఆ వాక్యం ఇది: "ఈ దేశంలో ఇతను ఎవరి సాయమూ లేకుండా పైకొచ్చాడు."

మూడో వారంలో ఆఫీసుకి ఫోనొచ్చింది. అవతల వాల్టర్ హెస్ అనే ఆయన. హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పి రిటైరై, ఈ ఉత్సవాన్ని భుజాన వేసుకున్న మనిషి. "మీ సినిమాని నేనూ మా ఆవిడా రెండుసార్లు చూశామమ్మా. మా నాన్నది కూడా షాపే. తప్పకుండా రండి, ఆయన్ని కూడా తీసుకురండి" అన్నాడు. నళిని థ్యాంక్యూ అనబోయి ఏడ్చేసింది. తన సినిమాని ఒక మనిషి రెండుసార్లు చూశాడు! కన్నతల్లి చెప్పినా నమ్మని మాట అది.

"పేదలకి ప్రభుత్వం సాయం చేయకూడదనేవాళ్ల దగ్గరికా వెళ్తున్నావ్?" అని ఆఫీసులో పక్క సీటు రేణు ముఖం చిట్లించింది.

"నా సినిమా చూస్తామన్నవాళ్ల దగ్గరికి" అంది నళిని.

అక్టోబరులో ఒక శనివారం అక్క విజయశ్రీని, బావగారిని కారులో ఎక్కించుకుని వెళ్లింది. ఊళ్లో ప్రతి ఇంటి ముందూ ఎన్నికల బోర్డులే. ఉత్సవం ఫైర్ స్టేషన్ వెనక హాల్లో. ముందు జెండా వందనం, తర్వాత ప్రార్థన, ఆ తర్వాత సినిమాలు. పట్టుచీర కట్టుకున్న విజయశ్రీ అందరిలాగే గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. కొండల్ రావు ఆనందం చెప్పనలవి కాదు. ఈమధ్యే పౌరసత్వం వచ్చింది, మొదటి ఓటు రిపబ్లికన్లకేనని షాపుకొచ్చిన ప్రతివాడితో వాదించేవాడు. ఇక్కడ ఆ వాదన అవసరమే లేదు. పైగా ఎవరు ఎదురైనా "సర్" అని చెయ్యి కలుపుతున్నారు.

మధ్యాహ్నం నళిని సినిమా వేశారు. బావగారు కాలరు మీద ఇస్త్రీపెట్టె నడిపే చోట ఆ వాక్యం వినబడగానే హాలంతా చప్పట్లు కొట్టింది. నళిని పొంగిపోయి బావగారి వైపు చూసింది. ఆయన తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

ప్రతి సినిమానీ ఆదివారం న్యాయనిర్ణేతల కోసం మళ్లీ వేస్తారు. ఆ ఉదయం ముగ్గురూ ఊళ్లో చిన్న హోటల్లో పాన్‌కేకులు ముందు పెట్టుకుని కూర్చున్నారు. కొండల్ రావు ఫోర్కు ముట్టలేదు.

"మంచిగ తీసినవ్ నళినీ. నేను గంత అందంగుంటనని నాకే తెల్వదు" అన్నాడు. ప్లేటు పక్కకి జరిపి, "గా ఒక్క ముక్క తీసెయ్యరాదా?" అన్నాడు.

ఏ ముక్కో నళిని అడగలేదు.

"ఫ్యాక్టరీ క్లోజై నా జాబ్ పోయిననాడు అన్‌ఎంప్లాయ్‌మెంట్ చెక్కు తీసుకోలేదా నేను? ఆర్నెల్లు గవర్నమెంటే తిండి పెట్టింది. ప్రెస్సింగ్ నాకేమొస్తుండె? వేరే షాపుల ఇస్త్రీ చేసే ఎర్ల్ తన డ్యూటీ అయినంక వచ్చి, నా చెయ్యి పట్టుకుని నేర్పిండు. ఇయ్యాల ఎర్ల్ గా మాట వింటే ఏమనుకుంటడు చెప్పు. వీళ్లు చప్పట్లు కొడ్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలె."

"మాట ఫిల్ము అంచు మీదే ప్రింటై ఉంటుంది బావా. ఇప్పుడు తీయడం అవదు."

"పోనీలెండి, పాపం ఎంత కష్టపడి తీసిందో" అంది విజయశ్రీ.

"సరేలే, పోనీ" అన్నాడాయన.

తిట్టినా బాగుండేదనిపించింది నళినికి. ఆ "పోనీ" ముల్లులా గుచ్చుకుంది. కాఫీ అక్కడే వదిలేసి హాలుకి నడిచింది.

హెస్ ప్రొజెక్టర్ దగ్గర లెన్సు తుడుస్తున్నాడు. ఆపరేటరూ ఆయనే, ఊడ్చేదీ ఆయనే. నళిని సంగతంతా చెప్పేసింది. ఆ వాక్యం వచ్చేచోట సౌండు తగ్గిస్తే, మైకులో తాను నిజం చెప్పుకుంటానంది.

"ఆ మాట అబద్ధమా?" అన్నాడు హెస్.

"అవును. మీకు నచ్చుతుందని కలిపాను."

"నేను అడగలేదే!"

"అడగలేదు. అదే నా సిగ్గు."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "పోటీకొచ్చిన సినిమా వచ్చినట్టే చూపించాలి. మారిస్తే పోటీలో ఉండదు. ఆ రూలు రాసింది నేనే, మీ కోసం మార్చలేను" అన్నాడు.

ఎక్కడో నెబ్రాస్కాలో, ముక్కూ మొహం తెలియని కాలేజీ పిల్లలు బావగారి షాపు చూస్తున్నట్టు నళిని వేసవి నుంచీ ఊహించుకుంటూనే ఉంది. ముప్పై కాపీలు! ఇంకెవరిస్తారు? అయినా ఆ ముప్పై చోట్లా అదే అబద్ధం వినబడుతుంది. ఎక్కడ వినబడినా బావగారి తల వంగుతుంది.

"పోటీలోంచి తీసేయండి" అంది.

హెస్ తలూపాడు. వంగి, మైకు వైరు చుట్ట విప్పి, ప్రొజెక్టర్ దాకా తనే లాక్కొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

హాలు నిండింది. ఈ సినిమా పోటీలో లేదని హెస్ ముందే ప్రకటించాడు. కొండల్ రావు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. లైట్లార్పారు. కాలరు మీద ఇస్త్రీపెట్టె నడిచే చోట హెస్ నాబు తిప్పాడు, సౌండు పోయింది. నళిని మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఇక్కడ నేనొక అబద్ధం చెప్పాను" అంది ఇంగ్లీషులో. "ఈయనకి చాలామంది సాయం చేశారు. ఆ ఇస్త్రీ నేర్పింది ఎర్ల్. ఉద్యోగం పోయినప్పుడు ఆర్నెల్లు ప్రభుత్వం చెక్కులు పంపింది." హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకాయన లేచి వెళ్లిపోయాడు కూడా. నళిని ఆగలేదు. "అందరూ తిప్పి పంపిన ఈ సినిమాని వాల్టర్ హెస్ గారు రెండుసార్లు చూశారు. చెక్కుల సంగతి ఆయనకి నచ్చదని తెలుసు. అయినా ఈ మైకు ఇచ్చింది ఆయనే. ఈ మేలు నేను బతికున్నన్నాళ్లూ మర్చిపోను."

అక్కడితో నాబు తిరిగి పెంచాలి. హెస్ పెంచలేదు. రుమాలు తీసి ముక్కు తుడుచుకుంటున్నాడు. తెర మీద బొమ్మ మాటా పలుకూ లేకుండా నడుస్తోంది. జనం వెనక్కి తిరిగి చూస్తున్నారు.

చీకట్లో కొండల్ రావు లేచి నిలబడ్డాడు.

"దట్ ఈజ్ మై బాయిలర్" అన్నాడు గట్టిగా. ఎవరో కిసుక్కుమన్నారు. "మోస్ట్లీ ఇట్ డజ్ నాట్ వర్క్." ఈసారి హాలంతా నవ్వింది. ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. తెర మీద ఏదొస్తే అది, ఎవరొస్తే వాళ్లని, తన ఖమ్మం ఇంగ్లీషులో చూపించుకుంటూ పోయాడు. ఇదిగో ఎర్ల్, ఇది నా హ్యాంగర్ల ర్యాక్, ఈ కోటు ఒక జడ్జిగారిది, ఇంతవరకూ తీసుకెళ్లలేదు. నళిని రాసుకున్న వ్యాఖ్యానం కంటే ఇదే బాగుంది. ఆ సంగతి ఆమెకి తెలిసిపోయింది, సంతోషమూ వేసింది.

తర్వాతి షాటులో నర్సు యూనిఫాంలో ఉన్న విజయశ్రీ షాపు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. కొండల్ రావు ఆగిపోయాడు.

"మై వైఫ్" అన్నాడు చివరికి. "ఆల్ నైట్ హాస్పిటల్. మార్నింగ్ షాప్. నైన్ ఇయర్స్. ఐ నెవర్ సెడ్ థ్యాంక్యూ. ఇన్ అవర్ హౌస్ వుయ్ డోంట్ సే." పక్కనున్న భార్య వైపు తిరిగాడు. "థ్యాంక్యూ, విజయా."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. విజయశ్రీ కొంగు నోటికడ్డం పెట్టుకుని, మొగుడి చొక్కా పట్టి కిందికి లాగింది.

"సాలు, కూసోండి ఇగ" అంది ఆయన యాసలోనే. పట్టుకున్న చొక్కా మాత్రం వదల్లేదు.