మేకలగెడ్డ మలుపులో చక్రం వెనక

నేను ఒక చెక్కముక్కను. కాస్త మర్యాదగా చెప్పుకోవాలంటే, కొండదారిలో ఆగిన బండి వెనక్కి జారిపోకుండా చక్రం కింద పెట్టే అడ్డుచెక్కను. మూరెడు పొడుగు, ఒకవైపు ఏటవాలుగా చెక్కిన మొహం, ఆ మొహం నిండా టైరు గుర్తులు. ఇదీ నా అందం. అరకు ఘాట్ రోడ్డు మీద చూడదగ్గ చోట్లన్నిటికీ వెళ్ళాను. ఒక్కటీ చూడలేదు.

పుట్టింది శృంగవరపుకోటలో, ఒక వడ్రంగి ఆచారి గారి పందిట్లో. ఎవరిదో కొత్తింటికి మద్దికర్రతో గుమ్మం చేస్తుంటే చివర మిగిలిన ముక్కను నేను. అదే మానులోంచి వచ్చిన మా అన్న ఆ ఇంటికి గడపై కూర్చున్నాడు. శుక్రవారం వస్తే పసుపు, కుంకుమ, ముగ్గు. జనం తొక్కకుండా దాటుకుని వెళతారు. నన్ను మాత్రం పొయ్యిలోకి పనికొస్తుందని మూలకి విసిరేశారు. పెట్టి పుట్టాలంటారు గదా, అదన్నమాట. నా అదృష్టం కొద్దీ ఆ సాయంత్రమే ఒక లారీ డ్రైవరు వచ్చి, చక్రం కిందకి ఏదైనా చెక్క ఉంటే ఇమ్మని అడిగాడు. ఆచారి గారు నన్ను తీసి, బాడిసెతో నాలుగు దెబ్బలు వేసి, ఏటవాలు తీర్చి ఇచ్చారు. దెబ్బ తిన్నందుకు దణ్ణం పెట్టుకునేవాళ్ళు లోకంలో తక్కువ. నేను మాత్రం ఇప్పటికీ పెట్టుకుంటాను. బూడిద కావలసినదాన్ని ఆ దెబ్బలతోనే బతికి బట్టకట్టాను.

లారీవాడి దగ్గర ఎక్కువకాలం లేను. ఒకనాడు ఘాట్ మధ్యలో బండాపి, నన్ను చక్రం కింద పెట్టి, టీ తాగి, ఎవరితోనో కబుర్లాడి, హాయిగా బండెక్కి వెళ్ళిపోయాడు. నేను రోడ్డు నడుమ పడి ఉన్నాను. కొండదారిలో ఇది పెద్ద పాపం. వెనకొచ్చే మోటారుసైకిలు వాడు మలుపు తిరగ్గానే రాయో చెక్కో చక్రానికి తగిలితే ఇక వాణ్ణి లోయలో వెతుక్కోవాలి. తమ బండి జారకూడదని ఎంత జాగ్రత్త పడతారో, పక్కవాడి బండి సంగతి అంత తేలిగ్గా మరిచిపోతారు మనుషులు.

అప్పుడు వచ్చాడు సన్నిబాబు, తన నీలం రంగు వ్యాను వేసుకుని. విశాఖపట్నం నుంచి యాత్రికుల్ని ఎక్కించుకుని అరకు చూపించి తీసుకురావడం అతని పని. బండి ఆపి దిగి, ముందు లారీవాడి ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకున్నాడు. తర్వాత నన్ను లోయలోకి విసరడానికి చెయ్యెత్తాడు. ఎత్తినవాడు ఆగి, బరువు చూసి, తిప్పి చూసి, "ఒరే, గట్టిముక్కలాగుందిరా" అని నన్ను వెనక సీటు కింద పడేశాడు. అలా నేను వ్యానువాళ్ళలో కలిశాను.

ఆ వ్యానుకి హ్యాండు బ్రేకు ఉండేది. ఉండేదంటే ఉండేది, అంతే. ఎంత లాగినా బండి దాని మాట వినేది కాదు. అందుకని ఎక్కడ ఆగినా ముందు దిగేది నేను, చివర ఎక్కేది నేను. ఘాట్ మొదట్లో అమ్మవారి గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు నలిగేటప్పుడు నేనుంటాను. కాఫీ తోటల దగ్గర జనం మిరియాల తీగని చూసి తమలపాకు తీగ అని వాదించుకునేటప్పుడు నేనుంటాను. గాలికొండ దగ్గర లోయ అంచున నిలబడి ఒకసారి "అబ్బ!" అని, ఆ వెంటనే "ఫోను తియ్యి, ఫోను తియ్యి" అనేటప్పుడూ నేనుంటాను. నా కళ్ళెదుట మాత్రం టైరు. నాకు తెలిసిన అరకంతా వాసనలూ మాటలూ కాళ్ళే. తెల్లటి కొత్త బూట్లు దిగడం, ఎర్రమట్టి కొట్టుకుని తిరిగి రావడం. వాటిని బట్టి ఎవరు ఎంత దూరం నడిచారో, ఎవరు సగంలో కూలబడి మొక్కజొన్న పొత్తు తిని వచ్చారో చెప్పేయగలను.

ఆ చోట్లకి నడిచి వెళ్ళే కాలిబాటల్లో ఒక సరదా ఉంది. దిగి వచ్చేవాళ్ళని ఎక్కేవాళ్ళు "ఇంకెంత దూరమండీ?" అని అడుగుతారు. వీళ్ళు ఆయాసంతో నాలుక బయటపెట్టి వచ్చినా సరే, "ఆఁ, వచ్చేశారు, పక్కనే" అంటారు. తాము పడ్డ అవస్థ ఎదుటివాడూ పడితే గానీ మనసుకి శాంతి ఉండదు కాబోలు. అయినా ఆ అబద్ధమే లేకపోతే సగంమంది సగంలోనే తిరిగి వచ్చేస్తారు. కాబట్టి దాన్ని పుణ్యం ఖాతాలోనే వేస్తాను.

అన్నిటిలోకీ మా వ్యానుకి పేరు తెచ్చింది మేకలగెడ్డ జలపాతం. రోడ్డు పక్క ఏటవాలుగా కాస్త ఖాళీ, అక్కడ బండి ఆపి కిందకి అడవిలో నడిచి వెళ్ళాలి. రానూ పోనూ గంటన్నర పడుతుంది. ఆ మలుపు రాకముందే సన్నిబాబు మొదలుపెట్టేవాడు. "ఏడు మెట్లుగా దూకుద్దండి. మూడో మెట్టుకాడ ఏనుగు ఈపులాంటి రాయుంటది. ఎండ పడిందంటే సీతాకోకసిలకలు మేగంలాగ లేస్తాయండి!" వింటున్నవాళ్ళ నోళ్ళు తెరుచుకునేవి. తీరా వాళ్ళు దిగి వెళితే సన్నిబాబు కదిలేవాడు కాదు. నేను చక్రం కింద, అతను బ్రేకు మీద కాలేసి సీట్లో. ఎన్నేళ్ళయినా అంతే. ఒకప్పుడు అతని స్నేహితుడి జీపు అదే మలుపులో, చక్రం కింద రాయి జారి, ఖాళీగా లోయలోకి వెళ్ళిపోయింది. మనిషి మిగిలాడు, బతుకు పోయింది. అది కళ్ళారా చూశాక సన్నిబాబు రాయినీ నమ్మలేదు, నన్నూ నమ్మలేదు.

మరి ఆ ఏడు మెట్లూ, ఏనుగు వీపు రాయీ ఎక్కడివంటారా? తిరిగి వచ్చినవాళ్ళు బండి దగ్గర చెప్పుకునే మాటల్లోంచి ఏరుకున్నవి. ఒకరు మూడు మెట్లంటే ఇంకొకరు నాలుగన్నారు. సన్నిబాబు రెండూ కలిపేశాడు. విడ్డూరమేమిటంటే, చూసి వచ్చిన ఏ ఒక్కరూ అతన్ని నిలదీయలేదు. పైగా "మీరు చెప్పినట్టే ఉందండీ!" అనేవారు. ఫోనులో మొహాలు సరిచూసుకునే హడావిడిలో మెట్లు లెక్కపెట్టే తీరికెవరికుంది?

ఇలా కాలం గడుస్తుండగా వ్యానుకి వయసైపోయింది. ఇక కొండెక్కడానికి పనికిరాదని తేల్చేశారు. సన్నిబాబు కిందే, శృంగవరపుకోటలో, బడిపిల్లల బండి తోలే పనికి ఒప్పుకున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజున అతని భార్య సూరీడమ్మ ఒక్క మాటే అడిగింది. "ఇన్నేళ్ళూ లోకాన్నంతా తిప్పినావు. బండి తుక్కులోకెల్లే ముందు నన్నొక్కపాలి మేకలగెడ్డ తీసికెల్లు మావా." పాపం, ఆమె ఆ బండిలో కొండెక్కింది లేదు. ప్రతి సీటూ ఎప్పుడూ ఎవరో ఒకరిదే. కాదనడానికి సన్నిబాబుకి నోరు రాలేదు.

మంచు ఇంకా పూర్తిగా విడని ఉదయం, ఖాళీ వ్యానులో ఇద్దరే బయలుదేరారు. సూరీడమ్మ దారంతా మాట్లాడుతూనే ఉంది. లోయలో పసుపు పరిచినట్టున్న వలిసె పూలని చూసి చప్పట్లు కొట్టింది. సన్నిబాబు మాత్రం మాటకి మాట కూడా చెప్పలేదు. అంతటి వాగుడుకాయ అలా ఉంటే సీటు కింద నాకే గాభరా వేసింది. మేకలగెడ్డ మలుపులో బండి ఆపి, నన్ను చక్రం కింద పెట్టి, మళ్ళీ వెళ్ళి సీట్లో కూర్చున్నాడు.

"పద మావా, సూపించు," అంది సూరీడమ్మ.

"నువ్వెల్లొచ్చీ. నాను బండికాడుంటాను."

"నానొక్కదాన్నే ఎల్నా? దారి నాకేటి తెల్సు?"

"జనం ఎల్తన్నారు గదే, ఆళ్ళెనకాల ఎల్లు."

"ఆళ్ళెనకాల ఎల్లడానికి నీతోటి రావాలేటి? బస్సెక్కొద్దును."

సన్నిబాబు దిగి, వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. అతని చెప్పులు మట్టిలో అటూ ఇటూ కదులుతున్నాయి.

"ఒలే సూరీడూ, నాను సూడ్నేదే."

"ఏటి?"

"ఆ జలపాతం. నానెప్పుడూ దిగనేదు. ఆళ్ళూ ఈళ్ళూ అనుకున్నదే నాను సెప్పీవోణ్ణి."

నాకు ఆమె మొహం కనపడదు. మట్టెలున్న కాళ్ళు మాత్రం కదలకుండా ఉండిపోయాయి. కట్టుకున్నవాడి గొప్ప అంతా ఉత్తదేనని తెలిశాక ఏ ఆడమనిషైనా ఏమంటుంది? నా గుండె, ఉంటే గనక, ఆగినంత పనైంది. అంతలో పైనుంచి పకపకా నవ్వు వినిపించింది.

"ఓలమ్మో! నీ మాటలట్టుకుని నాను ఈదంతా సెప్పుకొచ్చినాను గదయ్యా! ఏనుగు ఈపంట, సీతాకోకసిలకలంట!" నవ్వీ నవ్వీ ఆమె అలిసిపోయింది. తర్వాత మెల్లగా అంది. "సర్లే. అయితే ఇద్దరం కొత్తోలమే. పద."

"బండో?"

"అడ్డమెట్టినావు గదా. ఇన్నేళ్ళు నీకాడున్నాది, దాని మీద ఆమాత్రం నమ్మకం నేదేటి?"

నా గురించి ఒక మనిషి అంత మాట అనడం అదే మొదటిసారి. సన్నిబాబు స్టీరింగు కొండవైపు తిప్పి, వంగి, నన్ను అరచేత్తో గుద్ది గుద్ది చక్రానికి బిగించాడు. వెనక పల్లంలో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకునే దేవమ్మ కొట్టుంది. ఒకసారి అటు చూసి, నాతో అన్నాడు. "ఒరే, నీ సేతిలో ఎట్టి ఎల్తన్నాను. బండి పోతే పోయింది, తుక్కుదే. దేవమ్ముంది ఎనకాల. జాగర్త."

అడుగుల చప్పుడు అడవిలోకి దిగిపోయింది. ఆ గంటన్నర నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. కాసేపటికి జల్లు పడి మట్టి మెత్తబడింది. ఎవరో కుర్రకారు వచ్చి, వ్యాను ముందు వైపు ఆనుకుని, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ ఫోటోలు తీసుకున్నారు. వాళ్ళు ఊగినప్పుడల్లా బండి బరువంతా నా మీదికి వచ్చింది. ఎండకీ వానకీ నా నడుంలో ఎప్పుడో పడ్డ పగులు చిటుక్కుమంది. నేను అంగుళం వెనక్కి జారాను. ఇంకో అంగుళం జారి ఉంటే చక్రం నా మీదకి ఎక్కేసేది. సరిగ్గా అప్పుడు దేవమ్మ కంట పడ్డాను. ఆమె ఆ కుర్రాళ్ళని "ఎల్లండి, ఎల్లండి" అని అదిలించి, బండరాయొకటి దొర్లించుకొచ్చి నా వెనక ఆనించి, కాలితో నొక్కి, మళ్ళీ వెళ్ళి పొత్తులు తిప్పుకుంది. బండి ఆపింది నేనే అని చెప్పుకోవచ్చు గానీ, ఆ రాయి లేకపోతే ఇవాళ మీతో మాట్లాడేదాన్ని కాదు. ఆమె చల్లగా ఉండాలి.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఇద్దరి కాళ్ళకీ ఎర్రమట్టి, బట్టలు ముద్ద. సూరీడమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. "రెండే మెట్లు మావా! ఏడంట, ఏడు!" సన్నిబాబు చొక్కా అంచు పిండుకున్నాడు. అప్పుడే ఇంకో కారులోంచి దిగిన పెద్దాయన అతన్ని చూసి, "ఏవండీ, కింద బాగుంటుందా? దిగి వెళ్ళాల్సినంత ఉందా?" అని అడిగాడు.

నేను ఎదురుచూశాను. ఇప్పుడు మొదలుపెడతాడు, ఈసారి కళ్ళారా చూసినవాడు, ఇక పట్టపగ్గాలుండవు అనుకున్నాను. సన్నిబాబు చెప్పులు ఒకసారి అడవి దారికేసి తిరిగాయి. "ఎల్లండి బాబూ," అన్నాడు. "ఎల్లి సూసుకోండి." అంతే.

ఆ తర్వాత నన్ను తియ్యడానికి వంగాడు. బండరాయిని చూసి, దేవమ్మకేసి చూసి, చేతులు జోడించాడు. ఎప్పుడూ కాలితో తన్ని తీసే నన్ను రెండు చేతులా పట్టుకుని బయటికి లాగాడు. అతని జుట్టులోంచి నీళ్ళు నా మీద కారాయి. వాన అప్పటికి ఎప్పుడో వెలిసింది.

ఆ వారంలోనే వ్యాను తుక్కుకొట్టుకి వెళ్ళింది. కొట్టువాడు నన్ను కూడా పొయ్యిలోకి అడిగాడు గానీ సన్నిబాబు ఇవ్వలేదు. ఇప్పుడు వాళ్ళింట్లో బియ్యం డబ్బా ఒరిగిపోకుండా దాని కింద ఉంటున్నాను. కొండలు లేవు, ఏటవాలు లేదు. సాయంత్రాలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరితే సూరీడమ్మ మేకలగెడ్డ కథ చెబుతుంది. రెండు మెట్లు ఈమధ్య మూడయ్యాయి. సన్నిబాబు పక్కనే కూర్చుని వింటాడు, దిద్దడు. ఎవరైనా అతన్ని అడిగితే "ఎల్లి సూసుకోండి" అంటాడు. డబ్బా కింద నేనూ వింటాను. చూడలేకపోయానే అన్న బెంగ నాకు లేదు. మేకలగెడ్డ నీళ్ళు నా మీద కూడా పడ్డాయి.