రాజుగారు లేచేదాకా

పోలిరాజు చెయ్యి తిరగేసి మునివేళ్లను పైపుకు ఆనించాడు. కంప్రెసర్‌లోకి వచ్చే పైపు మీద మంచు తెల్లగా, సమంగా పట్టింది. అంటే లోపల అమ్మోనియా సరిగ్గానే తిరుగుతోంది. ఆ సంగతి అతనికి తెలుసు, ఇందాకే చూశాడు. అంతకు ముందూ చూశాడు. పొద్దున్నించీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నూనె మట్టం చూపే అద్దం చూసి, బెల్టు చూసి, ఉప్పునీటి తొట్టి మీద పరిచిన చెక్కమూతల మీదుగా ఆ చివరిదాకా నడిచి, అక్కడేం పనిలేక తిరిగొచ్చాడు.

"కాసేపు కూకోవయ్యా బాబూ. నిన్ను చూస్తంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు ఐసు డబ్బాలు ఎత్తే యేసురత్నం.

"రాజుగారు వచ్చేరా?"

"వచ్చేరు. కాగితం సంగతి నువ్వే అడుగు. నన్ను పంపకు."

పోలిరాజు పొట్టి మనిషి. ఖాకీ నిక్కరు, చేతుల్లేని బనీను, మెడలో తువ్వాలు. ఎప్పుడూ చల్లటి నీళ్లలో నాని వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. గోళ్ల చివర్లు తెల్లబడిపోయాయి. ముమ్మిడివరం దాటాక కాలవ పక్కనున్న ఈ ఐసు ఫ్యాక్టరీలోకి మీసం మొలవకముందు వచ్చాడు. ఇప్పుడా మీసం నెరిసింది. రొయ్యల చెరువులు వచ్చినప్పుడు లారీలు రోడ్డు మీద బారులు తీరాయి. రోగమొచ్చి చెరువులు ఎండినప్పుడు ఒక్క లారీ లేదు. ఆ రెండు కాలాల్లోనూ పోలిరాజు ఇదే పైపు ముట్టుకుని చూశాడు. అతని దగ్గర పని నేర్చుకున్న వాళ్లంతా ఖతరో, మస్కటో వెళ్లిపోయారు. సెలవుల్లో వచ్చి, సెంటు కొట్టుకుని, "గురువుగారూ, ఇంకా ఇక్కడేనా?" అంటారు. ప్రేమగానే అంటారు. అదే అతనికి గుచ్చుకుంటుంది.

డబ్బు కోసమైతే పోలిరాజు ఇంతగా కొట్టుకోడు. భార్య ఉన్నదాంట్లోనే సర్దుతుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తనను ఎవరో ఎంచుకుని "ఈ మనిషి కావాలి" అని తీసుకెళ్లాలని అతని కోరిక. అమలాపురం లాడ్జిలో ఏజెంటు దిగాడు. గల్ఫులో పెద్ద కోల్డ్ స్టోరేజీకి ప్లాంటు ఆపరేటర్లు కావాలట. ఈ సాయంత్రం దాకా మనుషుల్ని చూసి రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోతాడు. పోలిరాజుకు వయసు హద్దు దగ్గర పడింది, వచ్చే ఏడు వెళ్తే గుమ్మంలోంచే పంపేస్తారు. బయోడేటా కావాలి. దానికి తోడు ఇక్కడ ఆపరేటరుగా చేస్తున్నట్టు ఫ్యాక్టరీ యజమాని బుచ్చిరాజు గారి చేతి కాగితం కావాలి. ఆ కాగితం సంక్రాంతి ముందునుంచీ అడుగుతున్నాడు. "చూద్దాంలేరా" అని రాజుగారు. "ఆయ్" అని పోలిరాజు. అక్కడితో సరి.

ఆఫీసు గది గుమ్మంలో నిలబడి తువ్వాలు మెడలోంచి తీశాడు.

"రాజుగారండీ, ఆ కాగితం..."

బుచ్చిరాజు గారు పేపర్లోంచి తలెత్తలేదు. పెద్ద మనిషి, పెద్ద పొట్ట. ఈ మధ్య మెట్టెక్కితే ఆయాసపడుతున్నారు.

"నువ్వు పోతే మెషీను ఎవడు చూస్తాడ్రా పోలీ?"

పోలిరాజు తువ్వాలు చేతుల్లో మెలితిప్పాడు.

"సరే. ఊళ్లో పని చూసుకు రా. భోజనం చేసి ఇస్తాను."

"ఆయ్, అలాగేనండి."

యేసురత్నానికి మెషీను అప్పగించి సైకిలు తొక్కుతూ ముమ్మిడివరం సెంటర్‌కి వెళ్లాడు. బస్టాపు పక్కన నాగదుర్గ డి.టి.పి. షాపు. ఆ అమ్మాయి కంప్యూటరు మీద గుడ్డ తీస్తూనే అలవాటుగా అడిగింది.

"బుల్లిరాజు గారి బయోడేటా తియ్యమంటారా బాబాయిగారూ?"

బుల్లిరాజు ఖతర్ వెళ్లి పెంకుటిల్లు పీకి డాబా వేశాడు. అప్పటినుంచి అతని బయోడేటా ఆ చుట్టుపక్కలకంతా అచ్చొచ్చిన కాగితం అయిపోయింది. వచ్చినవాళ్లు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మార్పించుకుని మిగతాది కదపనిచ్చేవారు కాదు. కదిపితే అచ్చిరాదని భయం. అందులో బుల్లిరాజు సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటులో పనిచేసినట్టు ఉంది. కిందటిసారి పోలిరాజూ అదే పట్టుకెళ్లాడు. ఇంటర్వ్యూ చేసినాయన కాగితం చూసి, "మీ కోనసీమలో ఇంటింటికీ సముద్రం నీళ్లు కాస్తారేంటయ్యా?" అని అడిగాడు. వరసలో కూర్చున్న వాళ్లంతా నవ్వారు. వాళ్ల చేతుల్లోనూ అదే కాగితం ఉంది.

"వద్దమ్మా. ఈసారి నాదే రాయి," అన్నాడు.

"అయితే చెప్పండి. మీరేం చేస్తారు?"

"ఏముందమ్మా. మెషీను నడుస్తాది. నేను చూస్తుంటాను."

"అలా రాస్తే ఎవరు తీసుకుంటారండి? చూడ్డానికి జీతం ఇవ్వరు కదా. పొద్దున్నే రాగానే మొదట ఏం చేస్తారు?"

ఆమె ఒక్కొక్కటే అడిగింది. ఎంత పెద్ద మెషీను, రోజుకి ఎంత ఐసు, కరెంటు పోతే ఏం చేస్తారు, ఎంతమందికి నేర్పేరు. అతను ప్రతిదానికీ రాజుగారి దయ అన్నాడు, దేవుడి దయ అన్నాడు. నాగదుర్గకు విసుగొచ్చింది.

"ఓ ఏడు మీ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైందన్నారు, ఎవరు ఆపేరండి?"

"ఆగిందమ్మా. పైవాడి దయ."

"పైవాడు దిగొచ్చి వాల్వు కట్టేడా?"

పోలిరాజు నేల చూశాడు.

"అందర్నీ బయటికి తోలేసి, మూతికి తడిగుడ్డ చుట్టుకుని నేనే వెళ్లేననుకో."

"అనుకో కాదండి. మీరే వెళ్లేరు."

"గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటాది కదమ్మా."

"చేసింది చెప్పడం గొప్పలేటండి? చెయ్యంది చెబితే గొప్పలు. మొన్నటిదాకా మీరందరూ చెప్పిందదే."

అది నిజమే. ఆమె ఇంగ్లీషులో కొట్టి, తెలుగులో చదివి వినిపించింది. కంప్రెసర్ విప్పి బిగించగలడు. ప్రమాదంలో ఒంటరిగా గ్యాసు ఆపాడు, ఎవరికీ హాని జరగలేదు. ఆపరేటర్లను తయారుచేశాడు. పోలిరాజు నోరు తెరుచుకుని విన్నాడు. ఆ కాగితంలో ఉన్న మనిషి మీద అతనికి గౌరవం కలిగింది. కళ్లు చెమ్మగిల్లితే తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

"మీ రాజుగారి కాగితం దీని వెనకాల కుట్టండి. అది లేకపోతే ఇదంతా నోటిమాటే," అంది నాగదుర్గ.

తిరిగి వచ్చేసరికి బుచ్చిరాజు గారు భోజనం చేసి ఆఫీసు గదిలో పడక కుర్చీలో పడుకున్నారు. కుర్చీ వీపు గుమ్మంవైపు ఉంది. వెనకనుంచి పోలిరాజుకు బట్టతల, పక్కకు వాలిన చెయ్యి మాత్రం కనిపించాయి. పైన ఫ్యాను తిరుగుతోంది.

భోజనం చేసి కునుకు తీసే పెద్దమనిషిని లేపడం ఆ ఫ్యాక్టరీలో లేదు. లారీలు ఆగినా లేపరు, ఇన్‌స్పెక్టరు వచ్చినా బల్ల మీద కూర్చోబెట్టి కొబ్బరి బొండం ఇచ్చి ఆపుతారు. పోలిరాజు గుమ్మం బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒకసారి మెల్లగా దగ్గాడు. కంప్రెసర్ దగ్గరికి వెళ్లి పైపు ముట్టుకున్నాడు. మళ్లీ వచ్చాడు. రోడ్డు మీద అమలాపురం బస్సు వెళ్లిపోయింది. దాని వెనక ఇంకోటి వస్తుందిలే అనుకున్నాడు.

"లేపేసెయ్యి. ఏవైనా అంటే నేను చెబుతాను," అన్నాడు యేసురత్నం.

"ఛ. పెద్దాయన్ని ఎలా లేపుతాం?"

నీడ వాకిట్లోకి సాగింది. పోలిరాజు తెల్లచొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, బయోడేటాను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నిలబడ్డాడు. ఈసారి గట్టిగా దగ్గాడు. బకెట్టును కావాలని చప్పుడయ్యేలా పెట్టాడు. రాజుగారు కదల్లేదు. ఇంకో బస్సు వెళ్లిపోయింది. అప్పుడు అతనికి కోపం వచ్చింది, జన్మలో రాజుగారి మీద రానంత కోపం. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. ఇవ్వడం ఇష్టంలేక, ఏజెంటు వెళ్లిపోయేదాకా ఇలా కళ్లు మూసుకున్నాడు ముసలాయన. నా బతుకంతా ఈయన గుమ్మంలోనే తగలడిపోయింది అనుకున్నాడు. పళ్లు బిగబట్టి, మళ్లీ పైపు దగ్గరికి వెళ్లాడు.

సాయంకాలం టీ పట్టుకుని రాజుగారి భార్య సూర్యకుమారి గారు వచ్చారు. "ఇంకా లేవలేదా?" అంటూ లోపలికెళ్లి భుజం తట్టారు. తర్వాత ఆవిడ కేక వెయ్యలేదు. "పోలిరాజూ, ఓసారి ఇలా రా," అని మాత్రం అన్నారు.

అతను చెయ్యి తిరగేసి మునివేళ్లు ఆయన నుదుటికి ఆనించాడు. ఇంకేం చూడక్కర్లేకపోయింది.

"ఎప్పుడో పోయేరండి అమ్మగారూ," అన్నాడు.

మస్కట్‌లో ఉన్న కూతురికి ఫోను వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఉంచాలి. ఐసు కొయ్యడానికి యేసురత్నం గొడ్డలి అందుకుంటే పోలిరాజు లాక్కున్నాడు. తెల్లచొక్కాతోనే తొట్టిలోంచి డబ్బాలు ఎత్తించి, మామూలు నీళ్లలో ముంచి, దిమ్మలు దించి, ఒక్కొక్కటీ సరిపడా నరికాడు. పక్కనున్న ఇంటి హాల్లోకి చేర్చిన రాజుగారి చుట్టూ పేర్చి, ఊక చల్లాడు. రోడ్డు మీద ఏజెంటుని అందుకునే ఆఖరి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అతను తల తిప్పలేదు. ఇంటినిండా జనం ఉన్నారు, మెషీను ఆగకూడదు, ఆ పూట ఆపరేటరు అతనొక్కడే.

"కాసేపు కూర్చోరాదా నాయనా," అన్నారు సూర్యకుమారి గారు. ఆ మాటకి అతనికి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాడు. మధ్యాహ్నం ఆయన్ని ఏమనుకున్నాడో ఎవరికీ చెప్పలేదు.

దీపం పెట్టే వేళకి ఆఫీసు గదిలో ఫ్యాను ఇంకా తిరుగుతోందని గుర్తొచ్చి, ఆపడానికి వెళ్లాడు. పొద్దున్న పేపరు పరిచి ఉన్న బల్ల ఇప్పుడు శుభ్రంగా ఉంది. దాని మీద కంపెనీ పేరున్న తెల్లకాగితం, ఎగిరిపోకుండా పైన ఐసు కొక్కెం. కాగితం మీద రాజుగారి దస్తూరీలో ఆ రోజు తేదీ, దాని కింద "పోలిరాజు" అనే పేరు, అక్కడితో ఆగింది. పక్కన రబ్బరు స్టాంపు బయటికి తీసి ఉంది, మూత తీసిన స్టాంపు ప్యాడులో నీలం సిరా ఆ ఫ్యాను గాలికి అంచుల నుంచి ఆరిపోతూ ఉంది.