లూకా పండుగనాటి చెంచాలు

ఏటా తమ ఇంటి పునీతుడు లూకా పండుగ సాయంత్రం స్టామెంకా గాజుగ్లాసు పైకెత్తి మొగుడు బోగోసవ్‌కి చూపించేది. గడప దాటి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఉడికించిన గోధుమల తీపి ఒక చెంచా తిని, ఎంగిలి చెంచాని నీళ్ళు పోసిన ఆ గ్లాసులో వేస్తారు. గ్లాసు చెంచాలతో నిండిందంటే ఇల్లు బతికున్నట్టు. "నిండింది, చూశావా!" అనేది, మునిసిపాలిటీ ఎన్నికల్లో గెలిచినదానిలా. నెగోటిన్ ఊళ్ళో ఆ వీధి మొత్తమ్మీద ఆవిడ గ్లాసంత త్వరగా నిండే గ్లాసు ఇంకొకటి లేదు.

మార్చిలో ఆవిడ పోయింది. పోయేముందు బోగోసవ్‌ని ఒకటే అడిగింది. "లూకా నాడు ఇల్లు బోసిపోనివ్వకు." పోనివ్వనని అతను మాటిచ్చాడు. ఇంటి అలంకరణ గురించి అప్పటిదాకా అతనికి తెలిసిందల్లా సోఫా ఎక్కడుందన్నదే. అదైనా రోజూ దానిమీదే నిద్రపోయేవాడు కాబట్టి తెలుసు.

అక్టోబరు రాగానే రంగంలోకి దిగాడు. గోడలకి సున్నం వేశాడు. ఎంత తెల్లగా వేశాడంటే, లోపలికొచ్చిన ఈగలు కళ్ళు మూసుకుని బయటికి పోయాయి. బీరువాలోంచి స్టామెంకా అల్లిన లేసుగుడ్డలు తీసి బల్ల మీద, టీవీ మీద, ఫ్రిజ్ మీద, రేడియో మీద, గోడకి తగిలించిన ఆవిడ ఫోటో మీదా పరిచాడు. ఆ వారమంతా పిల్లి ఒకచోట కుదురుగా కూర్చోవడానికి భయపడింది. గుమ్మం దగ్గర అతిథులు ఇంట్లో వేసుకునే చెప్పులు పటాలం నిలబెట్టినట్టు వరసగా పెట్టాడు. వాసనకి ఆవిడలాగే సీమదానిమ్మ పళ్ళు బీరువా మీద పేర్చాడు. కానీ ఎక్కడ ఆపాలో ఆవిడకి తెలుసు, ఇతనికి తెలీదు. మూడోరోజు ఒక పండు దొర్లి నెత్తిమీద పడింది. ఆవిడే కొట్టిందనుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు, ఇంకోటి పడుతుందేమోనని.

మిగిలింది గేటు.

గేటుకి నల్లగుడ్డ వేలాడుతోంది. స్టామెంకా అక్క పెర్సిదా సమాధి చేసిన రోజునే కట్టిందది. ఏడాది దాకా తియ్యకూడదు, ఆ సంగతి బోగోసవ్‌కీ తెలుసు. కానీ వానలకి అది వెలిసి చీకిపోయింది. దాని కింద అంటించిన చావు ప్రకటనలో స్టామెంకా మొహం కరిగిపోయి తలగుడ్డ ఒక్కటే మిగిలింది. నవ్వుకుంటూ వచ్చేవాళ్ళకి మొదట ఎదురయ్యేది ఇదా? ఒక్క రోజేగా, మళ్ళీ కట్టేస్తే సరి అనుకుని విప్పబోయాడు. చేతిలోనే రెండు ముక్కలైంది. సరే, కొత్తది కొందామనుకుని ఆ చోట రంగురంగుల బల్బులు కట్టాడు. ప్రకటన కూడా గీకేశాడు.

పక్కింటి చెదోమిర్ కంచె మీదికి వంగాడు. "ఏం బావా, విమానాలు దింపుతావా ఏంటి?"

"పండగ కదరా."

"అబ్బో! ఎవరొస్తున్నారేంటి?"

లూకా పండక్కి ఎవర్నీ పిలవకూడదు. తెలిసినవాళ్ళు వాళ్ళే వస్తారు. నువ్వూ రారా అని నోటిదాకా వచ్చిన మాట బోగోసవ్ మింగేశాడు. "వచ్చేవాళ్ళు వస్తార్లే," అని నవ్వాడు. చెదోమిర్ ఆ నవ్వుని జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళి పెళ్ళానికి ఇచ్చాడు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది.

పండుగనాడు బోగోసవ్ గడ్డం గీసుకుని, స్టామెంకా కొన్న నీలం చొక్కా వేసుకున్నాడు. కొవ్వొత్తి వెలిగించాడు. గోధుమలు, చెంచాలు, నీళ్ళగ్లాసు పళ్ళెంలో సర్ది కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. వీధిలో జనం పోతూనే ఉన్నారు, అతని గేటు దాకా వచ్చి అవతలి పక్కకి దాటి మరీ పోతున్నారు. మాంసం కూరి వండిన క్యాబేజీ చుట్టలు చల్లారాయి, వేడి చేశాడు. మళ్ళీ చల్లారాయి. అవే విసుక్కునేదాకా వేడి చేశాడు.

ఎండ వాలుతుండగా గేటు చప్పుడైంది. పళ్ళెం పట్టుకుని పరిగెత్తాడు.

పెర్సిదా. గేటు లోపలికి అడుగు పెట్టలేదు.

"ఏదీ? ఎక్కడ దాచావ్?"

"ఎవర్ని వదినా?"

"కొత్త పెళ్ళికూతుర్ని! నల్లగుడ్డ పీకేశావు, బల్బులు కట్టావు, గడ్డం గీసి మెరిసిపోతున్నావు. మా చెల్లి మట్టింకా తడారలేదు కదరా!"

"పెళ్ళికూతురేంటి వదినా! అందరూ వస్తారని... ఇల్లు బోసిపోనివ్వకని మీ చెల్లే చెప్పింది. గుడ్డ వెలిసిపోయింది, చూడ్డానికి బాలేదని..."

"బాగుండటానికి కట్టానా? వెలిసిపోవటమే దాని పని. వెలిసి వెలిసి దానంతటదే రాలాలి."

బోగోసవ్ తల దించుకున్నాడు.

పెర్సిదా గొంతు కొంచెం తగ్గింది. "సరే. ఆ ముక్కలు తీసుకురా. కట్టి వస్తాను లోపలికి. నేనొస్తే మిగతావాళ్ళూ వస్తారు."

అతను చేతిలో పళ్ళెం వంక చూశాడు.

"ఏదిరా గుడ్డ?"

"వాటితో చెంచాలు తుడిచాను, వదినా. బాగా మెరిశాయి. తర్వాత పొయ్యిలో వేశా."

పెర్సిదా పళ్ళెంలో చెంచాల వంక చూసింది. నిజంగానే మెరుస్తున్నాయి. వెనక్కి తిరిగి, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

బల్బులు ఆర్పబోయి ఆగాడు. ఇప్పుడు ఆర్పితే పెళ్ళికూతురు కూడా పారిపోయిందంటారు. వెలుగుతూనే వదిలేశాడు.

లోపలికొచ్చి కూర్చుని ఒక చెంచా గోధుమలు తిన్నాడు. చెంచా గ్లాసులో వేశాడు. ఇంకో చెంచా తీశాడు. ఇది చెదోమిర్‌ది. ఇది చెదోమిర్ పెళ్ళానిది, ఆవిడ ఎప్పుడూ ఎక్కువే తీసుకుంటుంది. ఇది పెర్సిదాది. తీపి మొహం మొత్తుతున్నా ఆపలేదు, అందరి వంతూ తిన్నాడు. పళ్ళెంలో చెంచాలు అయిపోయాయి. గ్లాసు నిండింది.

లేచి ఫోటో మీది లేసుగుడ్డ తొలగించి, గ్లాసు ఎత్తి చూపించాడు.

"నిండింది, చూశావా!"

పెళ్ళయిన నాటినుంచీ ఒక్క అబద్ధమైనా స్టామెంకా దగ్గర చెల్లుబాటు చేసుకోలేకపోయాడు బోగోసవ్. ఇవాళా చెల్లలేదు.