ఒకే గీతలో రెండు పేర్లు

కేంద్ర ప్రభుత్వంలో ఇరవై రెండేళ్లుగా ఫైళ్లు నడుపుతున్న గోవిందరాజులుకి ఏ కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో నిద్రలో లేపి అడిగినా తెలుసు. అలాంటి మనిషి, విడాకులు చేతికొచ్చిన మర్నాడే, ఆఫీసువాళ్లిచ్చే వైద్యం కార్డులోంచి మాజీ భార్య సుభద్ర పేరు తీసేయమని రాస్తూ, దాని కిందే ఉన్న కూతురి పేరు మీదుగా కూడా గీత లాగేశాడు. పొరపాటున కాదు. ‘పిల్ల నాదేనని కోర్టులో పోట్లాడి తీసుకుందిగా, ఆవిడే చూసుకోనీ’ అనుకుని మరీ లాగాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే అదే.

రెండు నెలల్లో ఆ సంగతే మరిచిపోయాడు. ఢిల్లీ కటవారియా సరాయ్‌లో, పోటీ పరీక్షల కుర్రాళ్ల మధ్య ఒక గది తీసుకుని, తన పప్పు తనే మాడ్చుకుని తింటున్నాడు.

మంగళవారం సుభద్ర ఫోన్ చేసింది.

"సాత్వికకి మూడు రోజుల్నించి జ్వరం. డిస్పెన్సరీకి తీసుకెళ్తే కార్డులో పేరే లేదన్నారు. రెండు గంటలు కూర్చుని వచ్చేశాం. మీరేమైనా చేశారా?"

గోవిందరాజులు నోట్లో వెలక్కాయ పడింది. "సర్వర్ ప్రాబ్లమ్ అయ్యుంటుందిలే" అన్నాడు.

సాయంత్రం ఇందిరాపురంలో సుభద్ర ఇంటికి వెళ్లేసరికి సాత్విక సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకుంది. పన్నెండేళ్ల పిల్ల. నుదురు కాలిపోతోంది.

"నా పేరు నువ్వే తీయించావని మమ్మీ అంది, పప్పా. నేను ఝగడా చేశా. పప్పా ఐసా నహీ కర్‌తే, అలా చెయ్యనే చెయ్యడు అన్నా. సర్వరే కదా?"

అవునంటే పోయేది. పిల్ల నమ్మేది కూడా. ఆ నమ్మకాన్నే ఆయన తట్టుకోలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాడు.

"సర్వర్ కాదు తల్లీ. నేనే కొట్టేశాను. మీ అమ్మ మీద కోపంతో."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. సాత్విక దుప్పటి తోసి లేచి కూర్చుంది.

"మళ్లీ రాస్తావా?"

"రేపే. ఆఫీసు తెరవగానే."

"మమ్మీ పేరు భీ?"

దానికి ఏ రూలూ ఒప్పుకోదు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అయితే నాదీ వద్దు" అని పిల్ల దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

గోవిందరాజులు అక్కడే కూర్చుండిపోయాడు. ఇద్దర్నీ ఒకే గీతలో కలిపింది తనే. ఇప్పుడు విడదీస్తానంటే పిల్ల ఒప్పుకోవడం లేదు.