మొదటి అరనిమిషం

తెగిన పోగును ముడేసి, వేళ్లకంటిన నూనెను నిక్కరుకి తుడుచుకుని, అప్పలనరసింహం మళ్లీ మగ్గాన్ని నడిపించాడు. షటిల్ ఈ కొసనుంచి ఆ కొసకు పరుగందుకుంది. అటు నలభై మగ్గాలు, ఇటు నలభై మగ్గాలు, పైన రేకులు. గాలిలో గోగునార దుమ్ము పొద్దుటి ఎండలో తేలుతోంది. ఆ మోతలో పక్కన నిలబడి అరిచినా మాట చెవిన పడదు. అందుకే మిల్లులో ఎవరికీ చెవులతో పని లేదు. రెండు వేళ్లు పెదవులకి ఆనిస్తే టీ. మీసం మెలేసినట్టు చూపిస్తే మేస్త్రీ వస్తున్నాడని. మిగతా కబుర్లన్నీ పెదవుల కదలికలోనే నడిచిపోతాయి. ఎవడింట్లో పెళ్లి, ఎవడి ఆవు ఈనింది, అన్నీ చూసి తెలుసుకోవడమే.

చీపురుపల్లి నుంచి రాజాం పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ గోనె మిల్లులోకి అతను మీసం రాకముందు వచ్చాడు. ఇప్పుడా మీసం నెరిసింది. పొట్టి మనిషి, వంగిన మెడ, కనుబొమల మీద ఎప్పుడూ కాస్త నారపీచు. ముప్పై ఏళ్లు ఆ మోతలో బతికినవాడికి ఇంట్లో పెళ్లాం పైడితల్లి ఏదంటున్నా మొహంకేసి చూడడం అలవాటైంది. ఆమె మొదట్లో మురిసిపోయింది, తర్వాత మానేసింది.

ఇలాంటి మనిషికి ఒకచోట మాత్రం గొప్ప పరపతి ఉంది. ఫోనులో 'పాటల సావిడి' అని ఒక వాట్సాప్ గ్రూపు. శ్రీకాకుళంలో బ్యాంకులో పనిచేసే గురుప్రసాద్ పెట్టాడు. కోటబొమ్మాళిలో పంతులమ్మ విశాలి, విజయనగరంలో సినిమా పాటల మీద వెబ్‌సైటుకి సమీక్షలు రాసే దీక్షిత్, ఇంకా చాలామంది పాటల పిచ్చివాళ్లు. పొద్దుట లేచింది మొదలు ఒకటే రభస. విమర్శకులు సినిమాల్ని చంపేస్తున్నారని ఒకరు, ఫోనులో వినేది అసలు పాటే కాదని ఒకరు. నరసింహానికి ఆ రభస సగం అర్థమయ్యేది కాదు. ఒకే పాట ఫోనులో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా వినిపించడం ఏమిటో అతని బుర్రకి ఎక్కలేదు. అయినా ఒక్కటీ వదలకుండా చదివేవాడు.

ఓసారి ఏదో పాట మీద అందరూ కొట్టుకుంటుంటే, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ, 'కింద ఒకటి బరువుగా నడస్తన్నాది. అదే పాటని మోస్తన్నాది' అని పెట్టాడు. గ్రూపు నివ్వెరపోయింది. ఆ అడుగు స్వరాన్ని ఎవరూ పట్టించుకోలేదట. అక్కడినుంచి అతను నరసింహం గారు అయ్యాడు. టైపు కొట్టడం కష్టమై అతను పొట్టిగా రాస్తే, వాళ్లకి అది లోతుగా కనిపించింది. మిల్లులో ఒరే, ఇంట్లో ఏటి. గారు అనేవాళ్లు ఈ భూమ్మీద ఆ ఫోనులోనే ఉన్నారు. ఆ ఒక్క మాట కోసమే అతను రోజూ పొద్దుటే ఫోను అందుకునేవాడంటే తప్పులేదు.

మిల్లులోకి ఫోను తీసుకెళ్లనివ్వరని తెలిసి, కిందటేడు దీక్షితే ఒక చిన్న ప్లేయరు పంపించాడు. బొటనవేలంత ఉంటుంది, చొక్కాకి తగిలించుకోవచ్చు. 'మీలాంటివారు ఇందులో వినాలండీ' అని చీటీ పెట్టి, ఆర్టీసీ బస్సు పార్సిల్లో వేశాడు. లోపల పాటలన్నీ అతనే ఎక్కించాడు. ఆఖర్న పేరు లేని ఫైలు ఒకటుంది. చిన్న తెర మీద అంకెలు తిరుగుతాయి గానీ ఏమీ మోగదు. ఖాళీది పొరపాటున పడి ఉంటుందని నరసింహం దాన్ని ఎప్పుడూ దాటించేసేవాడు.

టీ వేళ షెడ్డు వెనక వేపచెట్టు కింద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్ తీగలు పెట్టుకున్నాడు. రెండు రోజులుగా గ్రూపులో ఒకటే తగువు. కొత్త సినిమా ఒకటొచ్చింది. అందులో మొదటి పాట ఎత్తుగడ, అరనిమిషంపాటు వట్టి పిల్లనగ్రోవి, ఆ సినిమా మొత్తానికి సరిపోతుందని దీక్షిత్ పెద్ద సమీక్ష రాశాడు. గురుప్రసాద్ విరుచుకుపడ్డాడు. 'మీ విమర్శకులకి పాట వద్దు, పాటలో ముక్క కావాలి' అన్నాడు. విశాలి ఎటూ చెప్పలేక, 'మంచి ప్లేయరులో విని మాట్లాడండి' అంది. చివరికి దీక్షితే అన్నాడు: 'నరసింహం గారు విని చెప్పాలి. ఆయన ఏమంటే అదే.' అందరూ ఒప్పుకున్నారు.

అతను ఆ పాటని ఇంటి దగ్గరి మొబైల్ కొట్టులో ప్లేయరులోకి ఎక్కించుకున్నాడు. నొక్కాడు. నిశ్శబ్దం. అంకెలు తిరుగుతున్నాయి. ఇంకా నిశ్శబ్దం. అప్పుడు డోలు పడింది, దాని వెనక మగగొంతు. పాట బాగానే ఉంది. మరి ఈ పిల్లనగ్రోవి గోల ఏమిటి? వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. అంతే. ఎక్కించడంలో మొదలు తెగిపోయిందనుకున్నాడు. కానీ తెగిపోతే అంకెలెందుకు తిరుగుతాయి? ఆలోచించేలోపు మిల్లు కూత పడింది. ప్లేయరు జేబులో వేసుకుని లోపలికి నడిచాడు.

షిఫ్టు దిగి, గేటు దగ్గర ఫోను తీసుకుని, ఉన్నదున్నట్టు రాశాడు. 'పాట బాగున్నాది. మొదట అరనిమిషం ఏటీ నేదు.'

సైకిలెక్కి రెండు వీధులు దాటేసరికి జేబులో ఫోను ఆగకుండా అదిరింది. తీసి చూస్తే నవ్వులు, చప్పట్లు, దండాలు. 'ఒక్క మాటతో రివ్యూ మొత్తం కూల్చేశారు గురువుగారూ' అని గురుప్రసాద్. 'ఇంత నిర్మొహమాటమా' అని విశాలి. దీక్షిత్ నుంచి మాత్రం ఏమీ లేదు. నరసింహం రోడ్డు పక్కన సైకిలాపి అవన్నీ రెండుసార్లు చదివాడు. తనేం కూల్చాడో అతనికి తెలియలేదు. ఏదో మనసుకి కష్టంగా తోచి, తిన్నగా మొబైల్ కొట్టుకి పోయాడు.

కొట్టు నడిపే యమున అతని వీధిలోని పిల్లే, వరసకి కోడలు. నోరు కాస్త పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఏటమ్మా, పాట మొదలు తెగ్గొట్టీసినావు?" అన్నాడు.

ఆమె తీగలు చెవిలో పెట్టుకుంది. తల మెల్లగా ఊపింది. ఏమీ లేనిచోట ఆమె తల ఊగడం అతను వింతగా చూశాడు.

"ఉన్నాది గదా మావయ్యా. పిల్లనగ్రోవి. ఎంత సన్నగా ఉన్నాదో."

"ఏదీ?"

కొత్త తీగలు పెట్టి ఇచ్చింది. లేదు. పెద్ద స్పీకరుకి తగిలించింది. లేదు. రోడ్డు మీద ఆటో తుడుచుకుంటున్నవాడు చేయి ఆపి ఇటు తిరిగి చూశాడు. నరసింహం అరచేయి స్పీకరుకి ఆనించాడు. డోలు పడ్డాకే అది అదిరింది.

"నీకు సెవులు బాగానే ఉన్నాయా?" అంది యమున, ఈసారి మొహం ఎదురుగా పెట్టి.

"ఉన్నాయే. పాత పాటల్లో పిల్లనగ్రోవి ఇనబడతాది గదా నాకు! పెట్టు, ఏదో ఒకటి పెట్టు."

అతని చిన్నప్పటి పాట ఒకటి వెతికి పెట్టింది. తీగలు చెవుల్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పల్లవి, తబలా, మళ్లీ పల్లవి. తర్వాత పిల్లనగ్రోవి వచ్చింది. వేలితో గాలిలో గీస్తూ, "ఇదిగో, ఇదిగో ఇప్పుడు పైకెల్తన్నాది, ఇప్పుడు దిగతన్నాది" అన్నాడు. ఎంతో తేలికపడ్డాడు.

కళ్లు తెరిచేసరికి యమున అతన్నే చూస్తోంది. పాన్ నమలడం ఆపేసింది.

"మావయ్యా, పల్లవి కాడే నాను పాట ఆపీసినాను."

నరసింహం ప్లేయరుని చూశాడు. అంకెలు నిలబడి ఉన్నాయి.

ఇంటికి సైకిలు నడిపించుకునే వెళ్లాడు. తొక్కాలని తోచలేదు. మిల్లుకి రాకముందు, రేడియోల్లో, పెళ్లిపందిళ్ల మైకుల్లో విన్న పాటలన్నీ తలలో వరసగా కదిలాయి. వాటిల్లోని పిట్టలు, గజ్జెలు, పిల్లనగ్రోవులు వింటున్నాననే అనుకున్నాడు ఇన్నేళ్లూ. వింటున్నది ఎంత, గుర్తొస్తున్నది ఎంత? ఇకనుంచి వచ్చే పాటల్లో తనకి తెలియకుండా ఏమేం పోతుంటాయి? అడుగున నడిచేది వినగలిగాడంటే, పైనున్నది వినపడక కాబోలు. గారు అనిపించుకున్నది చెవి ఉండి కాదు, లేక! అతనికి నవ్వు రాబోయి ఆగిపోయింది. సిగ్గేసింది, భయమేసింది, ఏది ముందో అతనికే తెలియదు.

అరుగు మీద కూర్చుని గ్రూపులో రాశాడు. నిజం రాస్తే ఆ గారు పోతుంది. తెలిసే రాశాడు. 'దీక్షిత్ బాబూ, తప్పు నాదే. పిల్లనగ్రోవి పాటలో ఉన్నాదంట. నా సెవులకే ఇనబడనేదు.'

ఈసారి నవ్వులు ముందటికంటే ఎక్కువొచ్చాయి. 'ఉందంట! తన చెవులకే వినపడలేదంట! విసురంటే ఇదీ' అన్నాడు గురుప్రసాద్. విశాలి పకపకా నవ్వే బొమ్మ పెట్టింది. నరసింహం బెంబేలెత్తిపోయి, 'నిజంగానే సెప్తన్నాను. నాను సెవిటోణ్ణి' అని రాశాడు. దానికి ఎవరో శాలువా కప్పుతున్న బొమ్మ పెట్టారు.

అప్పుడొచ్చింది దీక్షిత్ నుంచి ఒక మెసేజి, అతనొక్కడికే.

'నరసింహం గారూ, నచ్చలేదని ఒక్క మాట అంటే సరిపోయేదండీ. ఇంత వెటకారం మీనుంచి అనుకోలేదు. అది వాయించింది మా నాన్నగారు. సినిమాలో పేరు కూడా వెయ్యలేదు, అందుకే సమీక్షలో నేనూ చెప్పలేదు. మీకు పంపిన ప్లేయరులో ఆఖర్న ఉన్నది కూడా ఆయన ఇంట్లో వాయించిందే. చీపురుపల్లిలో ఒకాయన ఉన్నారు, ఆయన వింటారు అని నాన్నగారికి చెప్పాను. ఏమన్నారని రోజూ అడిగేవారు. మీరు ఏమీ అనకపోయేసరికి నేనే ఏదో కల్పించి చెప్పాను. కిందటి నెల పోయారు. సినిమా చూడలేదు.'

నరసింహం దాన్ని చదువుతుండగానే గ్రూపులో ఒక చిన్న బూడిదరంగు వాక్యం పడింది. దీక్షిత్ గ్రూపు నుంచి వెళ్లిపోయారు. దాని కింద విశాలి, రేపు విడుదలయ్యే పాటల గురించి అడిగింది. గురుప్రసాద్ జవాబిచ్చాడు.

నరసింహం దీక్షిత్‌కి ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఈసారి మోగనే లేదు. 'బాబూ నాకు నిజంగా ఇనబడదు, మీ నాన్నగారు' అని రాసి, ఆపైన ఏం రాయాలో తెలియక అంతవరకే పంపాడు. ఒక్క టిక్కు పడింది. అందినట్టు రెండోది పడుతుందని చాలాసేపు చూశాడు. పడలేదు. తన చేతులతో ఎవరినీ ఏనాడూ కొట్టి ఎరగని మనిషి, ఏ చేత్తో కొట్టాడో తెలియక ఆ చేతుల్నే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

పైడితల్లి ఎదురుగా నులకమంచం మీద కూర్చుని గోంగూర తుంపుతోంది. అతను లేచి వెళ్లి, ప్లేయరులో ఆ పేరు లేని ఫైలు దాకా నొక్కుకుంటూ పోయి, తీగలు ఆమె చెవుల్లో పెట్టాడు.

"ఏటిది? నాకెందుకు?" అంది.

"ఇను. ఇని సెప్పు."

నొక్కాడు. అంకెలు కదిలాయి. ఇన్నాళ్లూ ఖాళీ అనుకుని తను దాటేసిన చోటు. పైడితల్లి ఒక కాడ తుంపింది. ఇంకోటి తీసింది. దాన్ని తుంపలేదు. ఆమె చూపు చూరు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. పాటలంటే చెవి కోసుకునే మనిషి కాదు ఆమె. అతను ఆమె పెదవుల్నే చూస్తూ కూర్చున్నాడు, మిల్లులో చూసినట్టు.

"ఏటున్నాదే?"

పెదవులు కదిలాయి. "ఎవులో ముసిలాయన ఊదతన్నట్టున్నాది. ఊపిరందక ఆగతన్నాడు. మల్లీ ఎత్తుకుంతన్నాడు."

"బాగున్నాదా?"

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. పొయ్యి మీద అన్నం పొంగిన వాసన రాగానే తీగలు తీసి పక్కన పెట్టి, గోంగూర చేటతో గబగబా లోపలికి పోయింది. నరసింహం అరుగు మీదికి తిరిగొచ్చి, ఫోనులో ఆ ఒక్క టిక్కునే చూస్తూ కూర్చున్నాడు. ప్లేయరుని ఆపడం ఇద్దరికీ గుర్తులేదు. నులకమంచం మీద, రాలిన రెండు గోంగూరాకుల మధ్య, దాని అంకెలు ఒకటొకటిగా మారుతూనే ఉన్నాయి.