కోర్టులో చాయ్‌బల్ల

గోడవారగా ఉన్న బల్లను బాబా మియా రెండు చేతులతో ఎత్తి, కాళ్లు నేలకు రాసుకోకుండా నడిపించుకొచ్చి, సాక్షుల బోనుకు ఎదురుగా వేశాడు. దానికి ఒక కాలు పొట్టి. మడతపెట్టిన అట్టముక్కను ఆ కాలి కింద తోసి, భుజం మీది గుడ్డతో రెండుసార్లు తుడిచి, తాను కూర్చుని చూసి లేచాడు. హాలియాలోని ఆ చిన్న కోర్టులో ముప్పై నాలుగేళ్లుగా ప్రతి పొద్దూ ఇంతే. ముందు బల్ల, ఆ తర్వాతే జడ్జిగారి కుర్చీ దులపడం.

ఆ కుర్చీకి పదకొండు నెలలుగా దుమ్మే దిక్కు. ఉన్న జడ్జి బదిలీ అయిపోయారు, మరొకరు రాలేదు. వారానికొకరోజు పక్క ఊరి జడ్జి వచ్చి వాయిదాలు వేసి పోతారు. అయినా బాబా మియా తెల్ల దుస్తులు, నడుముకు ఎర్రపట్టా, దాని మీద ఇత్తడి బిళ్ల లేకుండా ఒక్కరోజూ గడప దాటలేదు. మనిషిని చూడబోతే గుప్పెడు, గొంతు విప్పితే బస్టాండు దాకా వినిపిస్తుంది. కోర్టు బంట్రోతుగా, జడ్జి వస్తుంటే ముందు నడుస్తూ కేక వేయడం, పేర్లు పిలవడం, సాక్షులతో ప్రమాణం చెప్పించడం ఆయన పని.

బల్ల సర్కారుది కాదు. బాబా మియా భార్య లాడ్లీ బేగం తండ్రి చాయ్ హోటలు మూసేసినప్పుడు అల్లుడికి దక్కిన ఆస్తి అదొక్కటే. దాని నిండా చాయ్ గ్లాసుల గుండ్రటి మరకలు. కేసు లేనివాళ్లు వచ్చి కూర్చోవడానికి దాన్ని ఇక్కడికి మోసుకొచ్చాడు. వడ్లు అమ్మవచ్చిన రైతునూ, కూరగాయలకొచ్చిన ఆడవాళ్లనూ, బడి పిల్లలనూ పిలిచి మరీ కూర్చోబెట్టేవాడు.

“గిది ఖుల్లా కచేరి. ఎవలన్న రావచ్చు, కూసోవచ్చు. మనం చూస్తుంటెనే ఇన్సాఫ్, న్యాయం సక్కగ నడుస్తది” అనేవాడు.

గుమాస్తాలు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు. ఆ బల్ల మీది వాళ్లే మొన్నామధ్య మా కోర్టుకు జడ్జిని పంపండని హైకోర్టుకు అర్జీ పెట్టారు. సంతకాలకన్నా వేలిముద్రలే ఎక్కువ.

కొత్త రాష్ట్రం రాకముందు తొమ్మిది మంది, వచ్చాక అయిదుగురు జడ్జీల ముందు నడిచాడు బాబా మియా. అందరూ చదువుకున్నవాళ్లే, మంచివాళ్లే. కానీ గొర్రె ఎవరిదో చెవికోత చూసి చెబుతారని తెలియక, కొన్న రసీదు ఏదని అడిగిన వారున్నారు. అలాంటప్పుడు ఆయన చూపు బల్ల మీదికి పోయేది. ఈ బల్ల మీద నుంచి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ కుర్చీ దాకా పోతే చాలనుకునేవాడు.

ఆ ఒక్కరు పోతున్నారు. గొర్రెలు కాసే జానయ్య, భద్రమ్మల కూతురు శైలజ ఈ బల్ల మీద కూర్చునే పెద్దదైంది. లా చదివి, నల్లగొండలో నాలుగేళ్లు నల్లకోటు వేసుకుని, పోయిన వారమే జడ్జి పరీక్షలో నెగ్గింది. ఇక మిగిలింది పోలీసులు చేసే నడవడి విచారణ. తనను ఎరిగిన పెద్దమనిషిగా ఆమె రాసిచ్చిన పేరు బాబా మియాదే. విచారణకు కానిస్టేబుల్ ఈరోజే వస్తున్నాడు. బాబా మియా కొలువుకూ ఈరోజే ఆఖరు.

“వచ్చేటప్పుడు బల్ల తెచ్చుకో” అంది పొద్దున లాడ్లీ బేగం. “సర్కారు నీకు దండేసి పంపుతది. మా అబ్బాజాన్ బల్లకెవలేస్తరు దండ?”

పదకొండు గంటలకు భద్రమ్మ జున్ను గిన్నెతో వచ్చి బల్ల చివర కూర్చుంది. ఆరిపోయిన పెదవులు తడుపుకుంటూ అడిగింది.

“జర మంచిగ చెప్పు భయ్యా. నిన్న ఆ పోలీసాయన మా ఊరొచ్చిండు. మేమందరం సక్కగనే చెప్పినం.”

“ఫికర్ జెయ్యకు చెల్లె. గా బిడ్డ గురించి నేను చెడు జెప్తనా?”

కానిస్టేబుల్ నవీన్‌కుమార్ వచ్చాడు. ఎండకు ముఖం కందిపోయి ఉంది. బల్ల మీదే కూర్చుని ఫైలు విప్పాడు.

“పిల్ల ఎట్లాంటిది చాచా? కేసులు, లొల్లులు ఏమన్న ఉన్నయా?”

బాబా మియా లేచి నిలబడ్డాడు. ఎదురుగా బోను. ముప్పై నాలుగేళ్ల అలవాటు ఊరుకుంటుందా? కుడిచెయ్యి దానంతటదే లేచింది.

“అల్లా సాక్షిగ నిజమే చెప్త, అబద్ధం చెప్ప.”

“ప్రమాణం ఎందుకు చాచా? నేను అడగలే గద!”

“ఐపోయింది గద బేటా” అన్నాడు బాబా మియా దిగులుగా. ప్రమాణం చేశాక దాచేదేముంది? “ఉన్నది. ఒకటున్నది.”

భద్రమ్మ వెనక నుంచి ఆయన ఎర్రపట్టా పట్టి గుంజింది. ఆయన ఆగలేదు.

శైలజకు పదకొండేళ్లప్పటి సంగతి. మంద వరిచేలో పడితే, ఊళ్లో పంట మేసిన జీవాలను కట్టేసే బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశారు. తెల్లారేసరికి తాళం పగిలి ఉంది, నలభై గొర్రెలూ ఇంటి ముందున్నాయి. కేసు జానయ్య మీద పడింది. నేనే తీసిన అని బోనులో ఒప్పుకున్నాడు. జడ్జిగారు కలం ఎత్తేసరికి ఈ బల్ల మీద నుంచి పిల్ల లేచింది.

“‘మా బాపు కాదు సారూ, నేను తీసిన. ఇంటికాడ గొర్రెపిల్లలు పాలకు ఒర్రుతుండె’ అన్నది. జడ్జిసాబ్ కలం కింద పెట్టిండు. పిల్లను మందలించి, బాపును ఇడిసిపెట్టిండు.” బాబా మియా బల్ల వైపు చెయ్యి చూపాడు. “వేల మందితోని ప్రమాణం చెప్పించిన బేటా. చెప్పించకుండనే నిజం చెప్పింది గా పిల్లొక్కతే.”

“నా బిడ్డ కొలువు తీసినవ్ గద భయ్యా!” భద్రమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు తెలిసింది బాబా మియాకు తానేం చేశాడో. నోరు జారిన మాటను ఎవడు వెనక్కి తెస్తాడు? పదిహేనేళ్లు ఆ పిల్ల పడ్డ కష్టాన్ని ఒక్క నిమిషంలో బూడిదలో పోసిన వాడినైతినే అనుకుని, బోను కటకటాలు పట్టుకున్నాడు.

నవీన్‌కుమార్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

“చాచా, నన్ను బతికించినవ్” అన్నాడు. “గీ ముచ్చట పిల్లే తన అర్జీల రాసిచ్చింది, అడగకున్నా. నిన్న ఊర్లె తొమ్మిది మందిని అడిగితె తొమ్మిది మందీ అబద్ధమన్నరు. దొడ్డి ముందర నిలబడి, మా ఊర్లె దొడ్డే లేదన్నరు. గీ అమ్మనైతె మాకు గొర్లే లేవన్నది. గామె మాట్లాడుతుంటె గొర్రెపిల్ల నా ప్యాంటు నమలుతనే ఉన్నది! పిల్ల ఉన్నదంటది, ఊరు లేదంటది. నేను ఎవలది రాయాలె? ఇప్పుడు రెండు మాటలు ఒక్కటైనయి. ఖతం.”

భద్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. బాబా మియా నవ్వుతూ ఏడ్చాడో, ఏడుస్తూ నవ్వాడో ఆయనకే తెలియదు. ముగ్గురూ బల్ల మీద కూర్చుని, గిన్నె నడుమ పెట్టుకుని జున్ను తిన్నారు.

సాయంత్రం దండ వేశారు, శాలువా కప్పారు. బాబా మియా బిళ్ల విప్పి గుమాస్తా చేతిలో పెట్టాడు. నడుము ఒక్కసారిగా బోసిపోయినట్టయింది. అందరూ వెళ్లాక, బల్ల కోసం హాల్లోకి వచ్చాడు. గిన్నె కోసం భద్రమ్మ కూడా వచ్చింది.

“గా బిడ్డ ముందర ఒక్కదినం నడవాలనుండె చెల్లె” అన్నాడు ఖాళీ కుర్చీని చూస్తూ. “సొంత ఊరి కోర్టుకు జడ్జిని ఎట్లనూ ఎయ్యరు. నా కొలువూ ఒడిసింది.”

“ఇప్పుడు పిలువు భయ్యా. ఎవలొద్దన్నరు?”

బాబా మియా తలుపు దగ్గరికి నడిచి, గుండెనిండా గాలి పీల్చాడు.

“ఖామోష్! జడ్జమ్మ శైలజ గారు వస్తున్నరు!”

చూరులోని పిచ్చుకలు బయటికెగిరాయి. భద్రమ్మ తెలియకుండానే లేచి నిలబడి, నెత్తిన కొంగు సర్దుకుంది.

ఇంటికి తీసుకుపోదామని బాబా మియా బల్ల అంచు పట్టుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, వదిలేశాడు. లాడ్లీతో తిట్లు ఎలాగూ తప్పవు.

“రేపటి సంది ఎవలేస్తరు దీన్ని?”

“అంగడినాడు నేనేస్త” అంది భద్రమ్మ. “కడమ దినాలకు మా వాడకట్టోల్లు లేరా?”

ఇద్దరూ మెట్లు దిగారు. కుర్చీకి ఎదురుగా బల్ల మిగిలింది. పొట్టి కాలి కింద అట్టముక్క అలాగే ఉంది, పాత చాయ్ మరకల నడుమ జున్ను గిన్నె అడుగు పెట్టిన గుండ్రటి తడి ఇంకా ఆరలేదు.